మామ కంప్యూటరుకు పట్టిన నిద్ర

ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. నెల్లూరులో మూడు నెలల కోర్సు చేసి ఉదయగిరికి తిరిగొచ్చిన ఘనుణ్ణి మరి. (ఆ మూడు నెలల్లో సగం రోజులు సెలవులే.) కొయ్య స్పూన్లు చెక్కే మా మేనమామ ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉండేది. అత్త పోయి అప్పటికి ఏడాది. ఆమె పాడిన చర్చి పాటలు పదకొండు అందులో ఉన్నాయి. మామ పొద్దున్నే వాటిని పెట్టుకుని, పక్కనే కూర్చుని స్పూన్లు చెక్కేవాడు.

కొత్త అప్‌డేట్ వేస్తే గుర్రంలా పరిగెత్తుతుందని చెప్పి, ఆయన సరే అనేలోపే నొక్కేశాను. ఆ రోజు నుంచి గుర్రం పడుకుంది. ఆన్ చేస్తే నల్ల తెర. నాలుగైదుసార్లు స్విచ్ నొక్కి పట్టుకుంటే ఎప్పటికో లేచేది. లేచినా, కాసేపు ముట్టుకోకపోతే నిద్రలోకి జారుకునేది. అత్త గొంతు చరణం మధ్యలోనే ఆగిపోయేది. ఇక ఎంత కదిపినా లేవదు. అందుకని మామ మాటిమాటికీ ఉలి కింద పెట్టి, పొట్టు అంటిన చేత్తో మౌస్ కదిపి, మళ్లీ ఉలి పట్టేవాడు. నిద్రపోకుండా చేసే సెట్టింగు నాకు తెలుసని నాలుగుసార్లు మార్చాను. అది వినలేదు. తర్వాత నేను ఆ వీధిలోకి వెళ్లడమే మానేశాను.

చివరికి నాయన తిడితే, దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. ఒళ్లో ఏందని కండక్టరు అడిగితే పేషెంటన్నాను. బస్సంతా నవ్వింది. ఇంత పాత మిషనుకు కొత్త సిస్టమ్ పడదని, అంతా తుడిచి పాతదే వెయ్యాలని రిపేరు షాపాయన చెప్పాడు. ముందు పాటలు తాను కాపీ చేసి పెడతానన్నాడు. నేనే చేస్తానన్నాను (కోర్సు చేసినవాణ్ణి కదా). పాటల ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను, ఆయన తుడిచేశాడు. ఇంటికొచ్చి చూస్తే పదే ఉన్నాయి. అత్త జబ్బుపడ్డాక మంచం మీద పాడిన ఆఖరి పాట ఆ ఫోల్డర్లో లేదు, విడిగా ఉండేది.

ఆ మాట మామకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన స్పూనును గరుకు కాగితంతో రుద్దుతూ విన్నాడు. నేను కళ్లు తుడుచుకుంటుంటే తలెత్తాడు.

"ఏడవబాక అబ్బయా. ఆ పాట నాకొచ్చులే."

గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మామకు రాగం రాదు. (చర్చిలో అత్త పక్కన నిలబడి పెదాలు మాత్రం కదిపేవాడు.) రెండో చరణంలో ఆగిపోయాడు. మాట గుర్తు రాలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, మళ్లీ అక్కడే ఆగాడు.

"సాయంత్రానికి గుర్తొస్తాదిలే," అన్నాడు.

గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆత్మకూరులో నాకూ ఒక రిపేరు షాపు ఉంది. ఎవరు కంప్యూటరు తెచ్చినా రెండుసార్లు కాపీ చేసి, వాళ్లను కూర్చోబెట్టి అన్నీ తెరిచి చూపిస్తేగాని ముట్టుకోను. చాదస్తమని విసుక్కుంటారు. నవ్వి ఊరుకుంటాను. అప్పటి ఆ కుర్రాడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. కానీ పాపం, వాడు మామకు మంచే చెయ్యాలనుకున్నాడు.