నాలుగు మూలలా పసుపు

మా అమ్మాయికి ఈమధ్య కలం స్నేహం పిచ్చి పట్టింది. "మమ్మీ, చిట్ఠీ ధీరే ఆతీ హై, ఉసీమే తో మజా హై" అంటుంది. ఉత్తరం నిదానంగా రావడంలోనే మజా అట. నిన్న కవరు మూలలకు అద్దడానికి పసుపు అడిగింది. డబ్బా మూత తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

మీకూ గుర్తుండే ఉంటుంది, శుభవార్త అయితే ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు పెట్టేవాళ్లం. నా చిన్నప్పుడు, ఉత్తరాదిన నాన్న కంపెనీవాళ్లిచ్చిన బారిడీహ్ క్వార్టర్‌లో తమ్ముడు పుట్టినప్పుడు, అమ్మమ్మకు రాసిన కార్డుకి పసుపు అద్దింది నేనే. అది శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ ఊరు చేరేలోపే, పేరైనా పెట్టకముందే, వాడు జ్వరంతో పోయాడు. ఆ కబురుతో నాన్న వేసిన రెండో కార్డు ఇంకా దారిలో ఉండగానే అమ్మమ్మ జవాబు వచ్చింది. దానికీ నాలుగు మూలలా పసుపే.

అమ్మకు చదువు రాదు. నాన్న గుమ్మంలోనే నిలబడి చదివాడు. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే ఎవరో రాసిపెట్టారు.

"మనవడు ఎవలి పోలిక? ఏటి పేరెడతన్నారు? ఉయ్యాల కట్టడానికి నా మెత్తని సీరొకటి అంపుతన్నాను."

మా ఇంట్లో ఉయ్యాల అప్పటికే విప్పేశారు.

అమ్మ అంది, "ఇంకోపాలి సదవండి."

నాన్న మళ్లీ మొదటినుంచి చదివాడు.