పొగ రాని సిగిడీ

“కిటికీ తియ్యే, నర్సా.”

“తీసే ఉంది. తొంగో.”

నా పెనిమిటీ నేనూ ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. కిటికీ తీసి లేదు. ఆస్పత్రి వార్డులో పక్క మంచం ముసలాయనకు చలిగాలి పడటం లేదని వాళ్లవాళ్లు అడిగితే నేనే లేచి మూశాను. ఈయన కళ్లు మూసుకుని అడిగాడు కదా, కనిపించదులే అనుకున్నాను. వేడినీళ్లకని గ్లాసు పట్టుకెళ్లి తిరిగొచ్చేసరికి అయిపోయింది. నిమోనియా అన్నారు. కిటికీ తీస్తే బతికేవాడని డాక్టరు అనలేదు, నేనూ అనను. కానీ ఈ మాట ముందు రాయించకపోతే తర్వాత చెప్పబోయేది సగమే అవుతుంది.

ఆయన పోయిన ఏడాది తిరక్కుండా, అరవై మూడులో దసరా వెళ్లాక, భిలాయి ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 7లో క్వార్టర్ల మరమ్మతు గ్యాంగులో నన్ను రేజాగా వేశారు. రేజా అంటే ఇక్కడ ఆడకూలీ. మస్టర్ రోల్ మీద పని. పొద్దున్నే మేట్, అంటే కూలీల మీద పెద్ద, పుస్తకం తీసి పేరు పిలిస్తే ఉద్యోగం ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. తర్వాత పర్మినెంటు అయ్యాను, రిటైరయ్యేదాకా అదే పని చేశాను. తెలుగు సంఘం వాళ్లు పాత ఉద్యోగుల జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తామని అడిగారు. చదువుకున్నవాళ్లు ఫర్నేసుల సంగతి చెబుతారు, నేను గోడల సంగతి చెబుతానన్నాను. నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మేనకోడలు పార్వతి రాస్తోంది.

ఒక కుటుంబం క్వార్టర్ ఖాళీ చేసి తాళం ఆఫీసులో ఇచ్చాక, కొత్తవాళ్లు దిగేలోగా ఆ ఇంటిని తయారు చేయడం మా పని. ఏ ఇల్లయినా పైనుంచి కిందికి రావాలి. ముందు కప్పు బూజు, తర్వాత గోడలు, ఆఖరున నేల. ప్లాంటు నుంచి వచ్చే ఎర్రదుమ్ము కిటికీ గట్టుల మీద పేరుకునేది. దాన్ని పొడి చీపురుతో దులిపితే లేచి మళ్లీ గోడకే అంటుకుంటుంది, తడిగుడ్డతో అద్ది తీయాలి. వంటింటి మసికి వేడినీళ్లలో చాకలిసోడా. మేకుల కన్నాల్లో సున్నమూ సన్న ఇసుకా కలిపి కూరి, అరచేత్తో రుద్దాలి. ఈ కాలం పిల్లలు కన్నానికి సబ్బు కూరతారు. దాని మీద సున్నం నిలవదు.

సున్నం రాయిని డ్రమ్ములో నీళ్లు పోసి రెండు రోజులు చల్లారనివ్వాలి. ఉడుకుతున్నప్పుడు దాని మీదికి వంగకూడదు, కళ్లు పోతాయి. చల్లారాక పలచని గుడ్డలో వడగట్టి, కాస్త ఉప్పు, ఉడికించిన జిగురు, చిటికెడు నీలిమందు కలపాలి. గోడను ముందు నీళ్లతో తడిపి, మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండో పూత అడ్డంగా వేయాలి. ఆరకముందు రెండోది వేస్తే పొక్కు లేస్తుంది.

ఆరిందో లేదో చూడటానికి ఓవర్సీర్ బాబు వచ్చేవాడు. ఆయనది నల్లగొడుగు. మడిచిన గొడుగును గోడకేసి ఒక్క రుద్దు రుద్దేవాడు. గొడుగుకు తెల్లగా అంటితే మాట కూడా అనడు, వెళ్లిపోతాడు. మర్నాడు మస్టర్‌లో ఎవరో ఒకరి పేరు ఉండదు. ఆ గొడుగు చప్పుడు వరండాలో వినబడితే నేను అరచేత్తో గోడ తడిమి చూసుకునేదాన్ని. అప్పటికి నేనూ నా ఇద్దరు ఆడపిల్లలూ తమ్ముడి క్వార్టర్‌లో, వెనక సాయబాన్ అనే రేకుల పంచలో ఉండేవాళ్లం. తమ్ముడు ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే భయం.

ఆ ఏడు పుష్యంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేదు. మాకు ఒక క్వార్టర్ అప్పగించారు. దిగేవాళ్లు సామాను రైల్లో వేసేశారట, సోమవారానికి ఇల్లు కావాలి. శుక్రవారం మొదటి పూత వేశాం. శనివారం పొద్దున్న చెయ్యి పెట్టి చూస్తే గోడ చెమట పట్టినట్టు ఉంది. ఓవర్సీర్ బాబు సాయంత్రం వస్తాడని కబురు.

అలాంటప్పుడు గ్యాంగుల్లో ఒక అలవాటు ఉండేది. గదిలో సిగిడీ, అంటే ఇనప కుంపటి, రాజేసి పెట్టి గోడ ఆరబెట్టడం. కట్టెలో పచ్చి బొగ్గో వేస్తే పొగ చూరి తెల్లగోడ పసుపెక్కుతుంది. ఆ పొగకే మనిషి గదిలో ఉండలేడు, తలుపులు తెరిచి పారిపోతాడు. అక్కడ నా తెలివి పనిచేసింది. మా ఇంట్లో కోక్ బొగ్గు ఉండేది. బొగ్గును పెద్ద పొయ్యిల్లో కాల్చి పొగంతా తీసేశాక మిగిలేది కోక్. ఊళ్లో మా అమ్మ పొయ్యి ముందు కళ్లు మండించుకుని వండితే, ఇక్కడికొచ్చాక కోక్ సిగిడీ మీద కంట నీరు లేకుండా వండాను. పొగ లేదు, మసి లేదు. ఇంతకన్నా శుభ్రమైన నిప్పు లేదని మా వీధి ఆడవాళ్లందరం అనుకునేవాళ్లం.

“ఇందులో పొగే నేదు. గోడ నల్లబడదు, తలుపులు తియ్యక్కర్నేదు,” అన్నాను మేట్‌తో. మేట్ రాంధీన్ భయ్యా రిసాలి వైపు మనిషి, తెలుగు కాస్త అర్థమవుతుంది. “ఏ నర్సా బాయీ తో ఇంజనీర్ హో గయీ,” నర్సా బాయి ఇంజనీరైపోయిందే అని నవ్వి ఒప్పుకున్నాడు. ఆ నవ్వుకు నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

రెండు తట్టల కోక్ తెచ్చి, బయట వరండాలో ఎర్రగా రాజేసి, సిగిడీని ముందుగది మధ్యలో పెట్టాం. వేడి పోకూడదని కిటికీలు మూశాను. సందుల్లో గాలి వస్తోందని మైదా జిగురుతో కాగితాలు అంటించాను. ఇంత శ్రద్ధగా నేను ఇంకే పనీ చేసి ఉండను.

ఆ రోజు నాతో ఉన్నది సుక్వారో. రిసాలి అవతల పల్లె మనిషి, నాకన్నా చిన్నది, నన్ను దీదీ అనేది. నేను ఛత్తీస్‌గఢీ నేర్చుకున్నది ఆమె నోటినుంచే. ఆమె నాకు నేర్పిన తిట్లు ఇందులో రాయించను. మధ్యాహ్నం నేల మీద పడిన సున్నం చుక్కలు గీకుతూ, “దీదీ, మూడ్ పిరావత్ హే,” అంది. తల నొప్పిగా ఉందని. తినకుండా వస్తే నొప్పి రాదా, ఇంటికెళ్లి మొగుడి చేత తల నొక్కించుకో అన్నాను. ఆమె నవ్వింది. నాకూ తల పట్టేసినట్టే ఉంది. నీలిమందు వాసనకనుకున్నాను.

రెండో పూతకు సున్నం చాలదని నేను స్టోరుకు వెళ్లాను. వెళ్తూ తలుపు దగ్గరగా వేశాను. స్టోరులో చీటీ మీద సంతకం పెట్టే గుమాస్తా లేడు. ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను, గడియారం నాకు లేదు.

తిరిగొచ్చి తలుపు నెడితే రాలేదు. లోపల గడియ. గాలికి తలుపు తెరుచుకుంటోందని వేసి ఉంటుంది. పిలిచాను. ఇంకోసారి పిలిచాను. సుక్వారో గట్టిగా గొంతెత్తి పలికే మనిషి, వీధి చివరికి వినబడుతుంది. లోపలినుంచి ఏమీ లేదు. చీపురు చప్పుడు లేదు, గీకుడు చప్పుడు లేదు. తలుపు పక్క కిటికీ అద్దానికి సున్నం చిందులు ఉన్నాయి. చెంగుతో తుడిచి చూస్తే సిగిడీ నిప్పు కనిపించింది. దాని పక్కన ఆమె పాదం, పాదానికి వెండి కడియం. కదలటం లేదు. గోడలు మాత్రం చక్కగా తెల్లబడుతున్నాయి.

అప్పుడు నాకు తెలిసింది. ప్లాంటులో పనిచేసే మా ఆయన బతికుండగా ఒకసారి చెప్పాడు, అక్కడ ఒక గ్యాసు ఉంటదనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, అది పీల్చిన మనిషి నిద్రపోయినట్టే పోతాడనీ. గ్యాసంటే పెద్ద పెద్ద పైపుల్లో ఉండేది, నేను వంట చేసే నిప్పులో ఉంటుందని ఎందుకనుకుంటాను? పొగ లేకపోతే ఏమీ లేదనుకున్నాను. పొగ ఉంటే సుక్వారో దగ్గుకుంటూ బయటకు వచ్చేది.

ఇక్కడ పార్వతి కలం ఆపింది. ఆపొద్దన్నాను. రాయవలసింది ఇదే.

నేను వెంటనే అద్దం పగలగొట్టలేదు. చేతిలో సున్నం బకెట్ ఉంది. పగలగొట్టడానికి అది చాలు. కానీ అద్దం పగిలితే విచారణ, విచారణలో సిగిడీ ఎవరు పెట్టారంటే నేను, కాగితాలు ఎవరు అంటించారంటే నేను. మస్టర్‌లో నా పేరు ఉండదు. సాయబాన్‌లో ఉన్న పిల్లలు కళ్ల ముందు మెదిలారు. ఎవరైనా వస్తారేమోనని రోడ్డు వైపు చూశాను. ఎవరైనా వచ్చి, వాళ్లు పగలగొడితే బాగుండునని చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. మళ్లీ అద్దంలో చూస్తే పాదం అలాగే ఉంది. అప్పుడు చెవిలో ఆయన మాట వినబడిందని చెబితే కథలా ఉంటుంది. వినబడలేదు. నేను ఆస్పత్రిలో అన్న మాటే నాకు గుర్తొచ్చింది. తీసే ఉంది, తొంగో.

బకెట్ అడుగుతో కొట్టాను. ఊచల మధ్యనుంచి చెయ్యి దూర్చి గడియ లాగాను. మోచేతి దగ్గర కోసుకుంది, గీత ఇప్పటికీ ఉంది. లోపలికి వెళ్తే వెచ్చగా, హాయిగా ఉంది. సుక్వారోను రెండు చంకల కింద పట్టుకుని వరండాలోకి ఈడ్చాను. మొహం ఎర్రగా, కునుకు తీస్తున్నట్టు ఉంది. నాకూ తల తిరిగి ఆమె పక్కనే పడ్డాను. వాన తుంపర ఇద్దరి మీదా పడుతోంది. కాసేపటికి ఆమె కక్కుకుంది. కక్కు చూసి అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రాంధీన్ భయ్యా వచ్చి రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. బతికింది. ఆరో రోజున ఓవర్సీర్ బాబు మమ్మల్నిద్దరినీ ఆ క్వార్టర్ వరండాలోనే నిలబెట్టి అడిగాడు, కిటికీలు మూసిందెవరని. చెప్పాలని నోరు తెరిచానో, ఊపిరికి తెరిచానో నాకే తెలియదు. సుక్వారో నా వైపు చూడకుండా అంది:

“మైఁ బంద్ కరే రెహెంవ్ సాహెబ్. జాడ్ లాగత్ రిహిస్.”

చలేస్తుంటే నేనే మూశానని. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. మర్నాడు మేట్ పుస్తకంలో ఆమె పేరు లేదు, నాది ఉంది.

ఆమె పల్లెకు వెళ్లి అడిగాను, ఎందుకలా చెప్పావని. పిడకలు కొడుతూ, తల ఎత్తకుండా చెప్పింది: “తోర్ దూ ఝన్ నోనీ హే, దీదీ.” నీకు ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు కదా అని. ఆ తర్వాత ఆమెకు మళ్లీ గ్యాంగులో పని దొరకలేదు. ఎండలో నడిస్తే తల తిరుగుతుందనేది. ఇప్పుడు లేదు.

ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నది చెబుతాను, ఇళ్లున్నవాళ్లు వినండి. సున్నం నిప్పుకు ఆరదు, గాలికి గట్టిపడుతుంది. వేడికి పైపొర ఆరినట్టు కనిపించి వారానికి పొడి రాలుతుంది. ఆ క్వార్టర్ గోడ అలాగే రాలింది, మళ్లీ నేనే వేశాను. ముసురులో గోడ ఆరాలంటే ఎదురెదురు కిటికీలు తీసి ఒక రోజు ఎక్కువ అడగండి. అడగడానికి భయమైనా అడగండి. కోక్ అయినా, కట్టెబొగ్గు అయినా, మూసిన గదిలో నిప్పు పెట్టకండి. పొగ లేని నిప్పు దగ్గర పొగ ఉన్న నిప్పు దగ్గరకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. గదిలో ఉన్న మనిషి తలనొప్పి అంటే నవ్వకండి, ముందు కిటికీ తీయండి.

పార్వతి అడుగుతోంది, “అత్తా, ఆ కిటికీల మాట తీసేద్దామా? ఎవరికి తెలుస్తాదిప్పుడు?” అని. తీయొద్దు. కాగితాలు అంటించింది అప్పలనర్సమ్మ, పేరు పోయింది సుక్వారోది. ఆ రెండు పేర్లూ ఎలా రాశావో చదువుకోడం నాకు రాదు కదే గుంటా. మొదట్నించి ఒకసారి చదివి వినిపించు.