మార్చి చెప్పిన మాట

ఒమన్ దేశంలోని రుస్తాఖ్‌లో మేం స్కూలు కడుతున్నప్పుడు మా సైటుకు సేఫ్టీ ఆఫీసరుగా ఒక అమెరికా ముసలాయన వచ్చాడు. వాళ్ల నేవీలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. వయసులో ఉన్నప్పుడు ఓడ మీద నుంచి యుద్ధవిమానం లేపి, మళ్లీ ఆ కదిలే ఓడ మీదే దింపేవాడట. తర్వాత పైలట్ల దళానికి పెద్దయ్యాడు, చివరికి ఓడకే కెప్టెన్ అయ్యాడు. అంతటివాడు హాయిగా ఇంట్లో కూర్చోక మా సిమెంటు దుమ్ములోకి ఎందుకొచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మావాళ్లు ఆయన్ని కెప్టెన్ సాబ్ అనేవాళ్లు. ఆయన మాట వాళ్లకు, వాళ్ల మాట ఆయనకు చేరవేయడం నా డ్యూటీ.

ఆయన ఒక పద్ధతి పెట్టాడు. రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి, నిన్న తాను చేసిన తప్పు ముందుగా తానే చెప్పేవాడు. తర్వాత మేం చెప్పాలి. చెప్పినవాడికి శిక్ష లేదు.

"ఓడ మీద దిగిన ప్రతిసారీ ఎంత బాగా దిగామో, ఎంత చెత్తగా దిగామో అందరి ముందూ చదివేవారు. నాకూ బాగానే పడ్డాయి చీవాట్లు. తప్పు దాచుకున్నవాళ్లే సముద్రంలో పోయారు," అన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే మావాళ్లు పకపకా నవ్వారు. "మన తప్పు మనమే జెప్పుకోవాల్నా? గిదేం లొల్లి అన్నా!" అన్నాడొకడు. గల్ఫ్‌లో నాలుగేళ్లు ఉన్నవాడెవడూ ముదీర్ ముందు, అంటే మేనేజరు ముందు, నోరు జారడు మరి. అయినా మెల్లమెల్లగా చెప్పసాగారు. చెప్పిన ప్రతివాడితోనూ ఆయన చేయి కలిపేవాడు.

ఒకరోజు మా రూమ్‌లో ఉండే జగిత్యాల వైపు మనిషి చేయెత్తాడు. రెండేళ్లుగా నా పక్క మంచం వాడిదే.

"అన్నా, నిన్న పరంజా మీద రెండుసార్లు కండ్లు దిరిగినయ్. కింద వడ్తనేమో అనిపిచ్చింది. సాబ్‌కు జెప్పన్నా."

శిక్ష లేదన్నది కెప్టెన్ సాబ్, కంపెనీ కాదు. కళ్లు తిరుగుతున్నాయంటే మెడికల్‌కు పంపుతారు. అన్‌ఫిట్ అని వస్తే వారంలో ఇండియాకు విమానం ఎక్కిస్తారు. అప్పటికే ఇద్దరిని అలా పంపారు. వీడికి మళ్లీ వీసా దొరికే వయసు కూడా కాదు.

"ఏమంటున్నాడు?" అని ఆయన అడిగాడు.

"సేఫ్టీ బెల్టు వదులైందట సార్. బిగించుకున్నాడట," అన్నాను.

కెప్టెన్ సాబ్ శభాష్ అని వాడితో చేయి కలిపాడు. సాబ్‌కు అంతా తెలుసు, తెలిసీ పొమ్మన్నాడంటే భయం లేదనుకుని వాడు నవ్వుతూ పైకెక్కాడు. 'ఇయ్యాల కింద పని జేస్కోరా' అని నేనైనా ఒక్క మాట అనాల్సింది. అందామనే అనుకున్నాను. ఇంతలో గేటు దగ్గరికి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాను.

ఆ పూటే, పరంజా మీద బెల్టు కొక్కెం ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి మార్చుకుంటూ పడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

విచారణలో కెప్టెన్ సాబ్ ఎవరి మీదా నెట్టలేదు. బెల్టు వదులని విని కూడా స్వయంగా చూడకుండా పైకి పంపాను, తప్పు నాదే అని రాసి సంతకం చేశాడు. కంపెనీకి అంతకన్నా ఏం కావాలి? ఆయన్ని తీసేసింది. ఎదురుగా నిలబడి ఆ కాగితం చదివాను నేను. మడిచి తిరిగి ఇచ్చేశాను. థూ, నాదీ ఒక బతుకేనా!

వెళ్లే రోజు ఆయన పెట్టె కారులో పెట్టింది నేనే. డోరు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ల సర్వీసులో నా మాట మీద వెళ్లి మనిషి పోవడం ఇదే మొదలు," అన్నాడు. "ఆ రోజు వాడు చాలాసేపు మాట్లాడాడు. నువ్వు చెప్పింది చాలా చిన్నగా ఉంది. ఇంకేమైనా అన్నాడా?"

నా ఉద్యోగం, నా వీసా, నా పిల్లల చదువు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాడి ముఖం ఒక్కటే గుర్తుకు రాలేదు.

"లేదు సార్," అన్నాను. "అంతే అన్నాడు."