ఉసిరికాయంత పటిక

నాకు నోటి దురుసు ఎక్కువని మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకునేది. అది దురుసు కాదు, బుద్ధి చురుకు అనుకునేదాన్ని నేను. ఎంత చురుకో చెబుతాను, వినండి.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. పుంగనూరులో ఒక చిన్న క్రైస్తవ బాలికల బడిలో సైన్సు చెప్పేదాన్ని. పాఠం ఖనిజాల మీద. పుస్తకంలో బొమ్మ తప్ప చూపించడానికి ఏమీ లేదు. బడి వెనక గుట్ట నుంచి ఒక రాతి ముక్క ఏరుకొచ్చి పిల్లల చేతుల్లో పెట్టాను. "ఇది ఒకటే వస్తువు అనుకునేరు! మూడు నాలుగు ఖనిజాల గుంపు ఇది. గాజులా తెల్లగా ఉండేది పలుగు. రేకులు రేకులుగా లేచేది కాకిబంగారం. దేని సరుకు దానిదే, దేని రూపు దానిదే," అని చెప్పాను. కరిగి ఉన్న పదార్థం చల్లారేటప్పుడో, నీళ్ళు ఇగిరిపోయేటప్పుడో, కంటికి కనబడని అణువులు ప్రార్థనకు పిల్లలు నిలబడినట్టు వరసలో నిలబడతాయి. తొందరపెడితే ఇసుకలాంటి పలుకులు మిగులుతాయి. తీరిక ఇస్తే నున్నటి ముఖాలతో ఒకటే పెద్ద స్ఫటికం తయారవుతుంది.

అది కళ్ళారా చూపించాలని మదనపల్లె అంగడి నుంచి పటిక తెప్పించాను. వేడినీళ్ళలో ఇక కరగనంతవరకు కరిగించి, చల్లారాక, ఒక చిన్న పలుకును దారపు ఉచ్చులో బిగించి గాజు జాడీలో వేలాడదీశాను. ఆరు వారాలకు ఉసిరికాయంత అయింది. ఎనిమిది ముఖాలు, ఎవరో సానబట్టినట్టు. బడి ఊడ్చి నీళ్ళు మోసే ఆయమ్మ కూడా చీపురు పక్కన పెట్టి వంగి చూసేది.

"బురద నీళ్ళు తేరేదానికి మేము కుండలో ఏసేది ఇదే గదా టీచరమ్మా. ఈడ ఇంత సక్కగా యాల ఉండాది?"

"నీ కుండలో దానికి తీరిక యాడుండాది?" అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాం.

సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడని కబురు వచ్చింది. ఆయన మెచ్చుకుంటే మద్రాసులో ట్రైనింగుకు నా పేరు రాస్తారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. శుక్రవారం సాయంత్రం చూస్తే, ఎండలకు జాడీలో నీళ్ళు తగ్గి పటిక నెత్తి బయటపడింది. కుండలోంచి రెండు చెంబుల మంచినీళ్ళు తెచ్చి పోశాను. వెలుతురుకు మెరుస్తుందని జాడీని కిటికీలో పెట్టి గదికి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గర ఒకటి, ఆయమ్మ దగ్గర ఒకటి ఉండేవి.

సోమవారం పొద్దున దారం ఉంది, పటిక లేదు.

"నేను ముట్టలేదు టీచరమ్మా," అంది ఆయమ్మ. "శనివారం ఊడ్సేటప్పుడు ఇంత సిన్నదిగా కనపడె. నా కండ్లే మసకేమో అనుకొంటి."

"రాయి చిన్నదవుతుందా? ఎవరికి చెబుతావ్ ఈ కథలు! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వాలకం," అని పిల్లలందరి ముందూ అరిచాను.

మా దగ్గర చర్చి సంఘ పెద్దలే బడి పెద్దలు. వాళ్ళు ఆమె ఇంటికి వెళ్ళి వెతికితే, గుడ్డలో చుట్టిన పటిక ముక్క ఒకటి దొరికింది. సంతలో కొన్నానని ఆమె ఏడ్చింది. "నీదేనా చూడమ్మా," అని పెద్దలు ఆ ముక్కను నా చేతిలో పెట్టారు. గరుకు ముక్క, ఒక్క నున్నటి ముఖం లేదు. నాది కాదని చూడగానే తెలిసింది. కానీ అంత అరిచాక వెనక్కి తగ్గడమా? "పగలగొట్టి ఉంటుంది," అన్నాను.

పని పోయింది ఆమెకు. ఆమె ఏడ్చింది దానికి కాదు. మా సంఘంలో నెలకొకసారి ప్రభు బల్ల, అంటే ఏసు పేరిట అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. దొంగతనం మాట పడినవాళ్ళు ఒప్పుకొని క్షమాపణ అడిగేదాకా ఆ రొట్టె ముట్టకూడదు. చేయనిదాన్ని ఒప్పుకోనంది ఆయమ్మ. ఆ ఆదివారం రొట్టె పళ్ళెం వరసలో వస్తుంటే అలవాటుకొద్దీ చేయి చాచింది. పళ్ళెం ఆమెను దాటి పోయింది. పక్క వరసలో కూర్చొని నేను తీసుకున్నాను.

ఇన్‌స్పెక్టరు ఆ రాతి ముక్క పాఠానికే మెచ్చుకొని పోయాడు. నేను మళ్ళీ పటిక పెంచడం మొదలుపెట్టాను. రేగుపండంత అయ్యాక మళ్ళీ నీళ్ళు తగ్గాయి, మళ్ళీ మంచినీళ్ళు పోశాను. సాయంత్రానికి అంచులు అరిగాయి. మర్నాటికి దారం మిగిలింది. ఇక కరిగించుకోలేని నీళ్ళలోనే పటిక పెరుగుతుంది, కొత్త నీళ్ళు పోస్తే ఉన్నదాన్ని కూడా కరిగించుకుంటాయి. నేనే బోర్డు మీద రాసిన పాఠం! చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది. ఆ సోమవారం దారపు ముడి వేసింది వేసినట్టే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. దొంగ అయితే దారం తెంపి ఉండేది కదా.

సంఘ పెద్ద ఇల్లు మాకు నాలుగిళ్ళ అవతల. చెప్పులేసుకొని వాకిలి దాకా వెళ్ళి తిరిగొచ్చాను. మద్రాసు కాగితం రానీ, అప్పుడు చెబుతాననుకున్నాను. కాగితం వచ్చింది. నేను చెప్పలేదు. ఆయమ్మ అప్పటికే కుప్పంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది.

మద్రాసు రైలు కోసం నేనూ, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో కుప్పం చేరాను. రైలుకట్ట పక్కన ఆడవాళ్ళు కంకర కొడుతున్నారు. తల వంచుకొని పోతుంటే ఒకామె సుత్తి పడేసి పరుగెత్తుకొచ్చింది.

"టీచరమ్మా! బాగుండారా? పిల్లోళ్ళ పటిక దొరికెనా?"

"దొరికింది," అన్నాను. నోరు జారింది.

ఆమె ముఖం విప్పారింది. "దొరుకుతాదని నాకు తెలుసు! నేను తీయలేదని పెద్దలకు చెప్పినారా అయితే?"

తల ఊపాను.

"ఈడ గుడి అయ్యగారు ఆ సంఘం చీటీ తెస్తేనే బల్ల ఇస్తామంటాండారు. మీరు ఒక మాట చెప్పి రాయించి పంపండమ్మా, మీకు పుణ్యముంటాది."

"పంపిస్తాను."

కొంగుముడి విప్పి, వేలంత పలుగు స్ఫటికం నా చేతిలో పెట్టింది. ఆరు ముఖాలు, పైన మొన. "రాళ్ళు కొడతాంటే దొరికింది. సుత్తి పడనీకుండా దాసిపెట్టినా. మీ పిల్లోళ్ళకు సూపించండి."

రైలు ఎక్కాను. మద్రాసులో దిగగానే చీటీ సంగతి రాయాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అని వాయిదా వేశాను. మొదటి ఆదివారం అక్కడి గుడిలో రొట్టె పళ్ళెం నా ముందుకు వచ్చింది. ఉత్తరం ఇంకా రాయలేదు. చేయి చాచి తీసుకున్నాను.