ఎర్తు గుంతకు పోసిన నీళ్ళు

పోయిన వారం మా ఇంటికి ఇన్వర్టరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ప్లగ్గులన్నీ టెస్టరు పెట్టి చూసి, "మీ ఇంట్లో ఎర్తు సరిగ్గా లేదు మేడం, గుంతలో నీళ్ళు పోస్తాండారా?" అని అడిగినాడు. అతనికది దినామూ అడిగే మాటే. నాకు మాత్రం కాదు. ఒకప్పుడు బెళుగుప్పలో మా చిన్నమ్మ ఇంట్లో ఒక ఎండాకాలమంతా ఈ మాట మీదే తగువు నడిచింది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. అనంతపురంలో కంప్యూటరు కోర్సు చదివి, పెండ్లయి బెళుగుప్పకు వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వీధి వైపు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. నేను డిగ్రీ సెలవులకు పోయి వాళ్ళతో పాటే నేర్చుకునేదాన్ని. ఆ గదికి ఉన్న మడీ మర్యాదా దేవుని గూటికి కూడా లేదు. చెప్పులు బయటే విడవాలి. శెనక్కాయల దుమ్ము రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. ఒక్కో కంప్యూటరు పెట్టెకూ పూలగుడ్డతో ముసుగు కుట్టింది. వోల్టేజి పడిపోయి ట్యూబులైటు మిణుకుమిణుకుమంటే చాలు, పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు "ఆపండి, ఆపండి" అని కేకలు పెట్టేది. చిన్నాయన ఎరువుల అంగడి నుంచి చెమటలు కక్కుకుంటా వచ్చి, గడప బయటే నిలబడి, "అంగట్లో నాకు ఒక ఫ్యాను లేదు, ఈడ వీటికి రెండుండాయి చూడు" అని నవ్వేవాడు.

వైరింగు చేసిన మేస్త్రీ పెరట్లో లోతుగా గుంత తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చినాడు. పోతాపోతా చిన్నమ్మను పిలిచి చెప్పినాడు. "లోపల యాడన్నా కరెంటు దారి తప్పితే ఈ గుంతలోకే దిగిపోవల్ల తల్లీ. మన్ను ఎండిపోతే దిగదు. ఎండాకాలం దినామూ నీళ్ళు పోస్తానే ఉండు."

చెప్పడం సులభమే. ఆ ఏడు వీధి బోరు ఎండిపోయింది. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు బిందెల కొట్లాట. చిన్నమ్మ బియ్యం కడిగిన నీళ్ళు దాచి గుంతలో పోసేది. వాళ్ళత్తకు, అంటే మేమంతా అవ్వ అని పిలిచే ఆమెకు, ఆ నీళ్ళు బర్రె కుడితికి కావాలి. "నోరుండే గొడ్డు ఎండతాంటే నోరులేని మన్నుకు పోస్తావా పాపా? తాగి అదేమన్నా పాలిస్తాదా?" అనేది. చిన్నమ్మ నచ్చచెప్పబోయేది. కంటికి కనపడని కరెంటు, కండ్ల ముందర నాలుక చాపి నిలబడిన బర్రెతో యాడ గెలుస్తుంది? చివరికి బియ్యం నీళ్ళు బర్రెకు, స్నానం నీళ్ళు గుంతకు అని రాజీ కుదిరింది. కొన్నాళ్ళకు స్నానాలే తగ్గిపోయి, గుంత ఎండిపోయింది. అవ్వది తప్పనడానికి నాకిప్పటికీ నోరు రాదు. వాన లేక పొలం బీడు పడిన ఆ ఏడు ఇంటిని నిలబెట్టింది ఆ బర్రె పాలే.

పెట్టెను తాకితే చీమ కుట్టినట్టు చిమచిమలాడడం మొదలైంది. పిల్లలు నువ్వు ముట్టు, నువ్వు ముట్టు అని నవ్వుకునేవాళ్ళు. చిన్నమ్మ నవ్వలేదు. మేస్త్రీకి కబురు పంపింది. ఆయన ఇంకో ఊర్లో పనిలో ఉన్నాడు. వచ్చేదాకా గది మూసేద్దామా అని చిన్నాయనను అడిగింది. "పిల్లలకు కోర్సు పరీక్షలు దగ్గరికొచ్చె. ఈ కాసిని దినాలకు ఏమైతాదిలే" అన్నాడాయన.

ఒక పొద్దున, అందరికంటే ముందు వచ్చే మగ్గం నేసేవాళ్ళ పిల్ల స్విచ్చి వేసి పెట్టె మీద చేయి ఆనించింది. లోపలికి పోయే వైరును ఎలుక కొరికిందని మాకు తర్వాత తెలిసింది. పిల్ల అరవలేదు. ఒళ్ళంతా బిగుసుకుపోయి, కండ్లు మాత్రం మావైపు తిప్పింది. నేను పట్టుకోబోతే చిన్నమ్మ "ముట్టొద్దు!" అని గావుకేక పెట్టి, గోడ దగ్గరికి దూకి మెయిను దించేసింది. పిల్ల నేల మీద కుప్పకూలింది.

బతికింది. అరచేయి కాలి, ఆ చేయి చాలా దినాలు మొద్దుబారి ఉండింది. వాళ్ళమ్మ వచ్చి తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "సదువుకుంటాదని పంపితిమి కదమ్మా" అని మాత్రం అనింది.  ఆ పొద్దున స్విచ్చి వేసేటప్పుడు, తడిగుడ్డ పెట్టి తుడిచిన సిమెంటు నేల మీద ఆ పిల్ల ఒట్టి కాళ్ళతో నిలబడి ఉండింది. "దుమ్ము పడతాదని చెప్పులు విడిపిస్తి. పెట్టెల మీద దుమ్ము చూస్తి గానీ, పిల్ల కాళ్ళ కింద నేల చూడకపోతినే" అని చిన్నమ్మ ఎన్నిసార్లు అనుకుందో. అవ్వను ఒక్క మాట అనలేదు. చిన్నాయననూ అనలేదు. అని ఉంటే వాళ్ళకూ కొంచెం తేలికయ్యేదేమో.

గదికి తాళం పడింది. వానలు మొదలైనాక, ఎవరినీ బతిమాలి ఎరగని అవ్వ కోడలి దగ్గర కూర్చుని, "నీళ్ళు నేనే పోస్తాలే పాపా, మళ్ళా పెట్టు" అనింది. చిన్నమ్మ "వద్దులే అత్తా" అని లేచిపోయింది. ఆ పిల్ల కూడా వచ్చి, కట్టు విప్పిన చేయి చాపి, "బాగైపాయ అక్కా, తెరువు" అనింది. చిన్నమ్మ ఆ చేయిని తన ఒళ్ళో పెట్టుకొని మచ్చను నిమురుతా చానాసేపు కూర్చుంది. తెరవలేదు. ఆ పిల్ల కళ్యాణదుర్గం పోయి మిగతాది నేర్చుకుంది. ఇప్పుడొక ఆఫీసులో కంప్యూటరు మీదే ఉద్యోగం చేస్తాంది. చిన్నమ్మ మాత్రం ఇన్నేండ్లలో మళ్ళీ కీబోర్డు ముట్టలేదు. చిన్నాయన అంగట్లోకి కంప్యూటరు వచ్చినప్పుడు కూడా దానికి వేరే మనిషిని పెట్టుకున్నాడు.

మళ్ళా తెరవమని ఆమెను ఎవరమూ గట్టిగా అడగలేదు. కాలమే మాన్పుతుందిలే అనుకొని, ఆ పనిని మర్యాదగా కాలానికి వదిలేసినాం. అప్పటికి ఆమెకు ముప్పై నిండలేదు. నాకు అప్పుడు పెద్ద మనిషిలా కనపడేది. ఆ వయసు నేనూ దాటి చానా ముందుకొచ్చినాక గానీ తెలియలేదు, ఆమె ముందర అప్పటికింకా ఎంత కాలం మిగిలి ఉండెనో.