మంత్రిగారి చేలో గొర్ల మంద

ఆదివారం మధ్యాహ్నాలు మా వరండాలో మాటల ఆట ఆడేవాళ్లం. నేను కథ చెప్పాలి. మిగతా ముగ్గురూ అందులో పాత్రలై ఏం చేస్తారో చెప్పాలి. పని జరిగిందా లేదా అన్నది జామకాయంత ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆ ముగ్గురు మా బామ్మర్ది, పక్కింటి లైన్‌మన్, బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. ఆమెకు ఆలంపూర్ వైపు బదిలీ అయింది. మర్నాడే ప్రయాణం. చోరీ అయిన రాజుగారి కిరీటం ఎక్కడుందో ఆ పూట తేలకపోతే, ఏడాదిన్నరగా ఏడు సముద్రాలు ఈది, రాక్షస జాతిని సగం ఖాళీ చేసిన కథ మధ్యలోనే ఆగిపోతుంది.

దొంగ మంత్రే. వాళ్లంతట వాళ్లే పసిగట్టాలని మేళ్లచెరువు సున్నపురాయి గుట్టలంత ఆధారాలు పరిచాను. మంత్రి ఇంట్లో కొలిమి రాజేశాను. ఒక చిలుక చేత ‘మంత్రి, మంత్రి’ అని పదకొండుసార్లు అనిపించాను.

“చిలుక మస్తుగుంది బావా. నేను సాదుకుంట,” అన్నాడు బామ్మర్ది.

“కొలిమంటే, ఆయన పెండ్లాం నగలు చేయించుకుంటాంది కావచ్చు,” అంది టీచరమ్మ.

నాలుగు దాటింది. ఏం తోచక దారి వర్ణించాను: మంత్రి చేలో మోకాలెత్తు పచ్చజొన్న, అందులో ఎరువు కోసం పడుకోబెట్టిన ఐదువేల గొర్రెల మంద.

లైన్‌మన్‌ది గొర్లు కాసే ఇల్లు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“అన్నా, మంద బీడు భూమిల పెడతరు, లేకుంటే కోతలైనంక పెడతరు. పైర్ల ఎవడు పెడతడు? లేత జొన్న మేస్తే గొర్లే చస్తయి.”

నాకు మందల సంగతి తెలియదు. పొరపాటని ఒప్పుకుందామని నోరు తెరిచేలోగా టీచరమ్మ అందుకుంది.

“పంట పోయినా, గొర్లు పోయినా ఫికర్ లేదంటే, గాడ ఇంకేదో పెద్దదే పాతిపెట్టిండు. తవ్విన జాడ డెక్కల కింద పోవాలె, గంతే. దొంగ మంత్రే.”

కథ రాసుకున్న నా నోట్‌బుక్‌లో కిరీటం కోట బురుజులో ఉంది. మెల్లగా నోట్‌బుక్ మూసి దానిమీద కూర్చున్నాను. టీచరమ్మ పాచిక వేసింది. పదిహేడు. మూడడుగుల లోతున కిరీటం తళతళలాడింది.

“గీ గొర్ల ముచ్చట ఎన్ని దినాలు సోంచాయించి పెట్టినవే?” అని అడిగాడు లైన్‌మన్.

“ఆరు నెలలు,” అన్నాను.

పాచికను గుర్తుగా టీచరమ్మ చేతిలో పెట్టాను. సంచిలో వేసుకుంటూ అడిగింది: “మరి ఆ చిలుక ఎందుకు సార్?”

“అది నాది మేడం,” అన్నాడు బామ్మర్ది.