ఆరు కోర్లా, ఎనిమిది కోర్లా?

లీసెస్టర్‌లో మేము అద్దెకున్న ఫ్లాట్ ముందు గదిలో నా గేమింగ్ కంప్యూటర్ ఉండేది. పెళ్ళికి ముందు, షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, ఒక్కో భాగం కొని నా చేతులతో నేనే బిగించుకున్నది. దాన్ని ఎవరైనా తేలిగ్గా తీసిపారేస్తే నాకు ఒళ్ళు మండేది. ఏడేళ్ళు తిరిగేసరికి అదే నా పరువు తియ్యడం మొదలుపెట్టింది.

మా ఆవిడ అక్కడి ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. పెళ్ళయిన కొత్తలో నేను ఆమెకు ఒక ఆట నేర్పాను. రాజ్యాలు కట్టుకుంటూ, ఊళ్ళు పెంచుకుంటూ ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసే ఆట. ఆదివారం భోజనాలయ్యాక ఒకే తెర ముందు రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. ముందు నా వంతు, తర్వాత ఆమె వంతు, ఆ తర్వాత కంప్యూటర్ ఆడించే మిగతా పది రాజ్యాల వంతు. ఆట ముదిరేకొద్దీ ఆ పదింటి లెక్కలూ తేల్చడానికి పాత ప్రాసెసర్ మూడేసి నిమిషాలు తీసుకునేది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది. నేను దాన్ని తిడుతూ కూర్చునేవాణ్ణి. ఆమె ఆ మూడు నిమిషాల్లోనే వారం కబుర్లన్నీ చెప్పేది. ఏ పెద్దాయన మంచం దిగి నాలుగడుగులు వేశాడో, డ్యూటీల రోటాలో తనకి వరసగా ఎన్ని వీకెండ్లు పడ్డాయో, అన్నీ. నేను ఊఁ కొట్టేవాణ్ణి.

ఆ ఎండాకాలం ప్రాసెసర్ మార్చాలన్న పురుగు నా బుర్రలో దూరింది. మార్చడమంటే ఒక ముక్క తీసి ఇంకో ముక్క పెట్టడం కాదు. కొత్తది పాత మదర్‌బోర్డులో కూర్చోదు, కాబట్టి బోర్డూ మార్చాలి. బోర్డు మారిస్తే మెమరీ కూడా మార్చాలి. అదంతా వద్దనుకుంటే పాత బోర్డుకి సరిపడే పాతకాలం చిప్పుల్లో మంచిది సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాలి. పోనీ కొత్తదే కొందామంటే ఆరు కోర్లా, ఎనిమిది కోర్లా? కోర్లు ఎక్కువైతే లెక్కలు త్వరగా తేలతాయి, ధరా అంతే పెరుగుతుంది. లేక చలికాలానికి వస్తుందంటున్న కొత్త తరం చిప్పు దాకా ఆగాలా? నేను ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. అది రంగురంగుల గళ్ళతో పెరిగిపోయింది. ఆఫీసులో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే చాలు, నా ప్రాసెసరే చర్చ. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పేవాళ్ళు, నేను నలుగురి మాటా వినేవాణ్ణి.

మా ఆవిడ ఆ షీటు ఒక్కసారే చూసింది. ఆరు కోర్లది చాలదా అని అడిగింది. నీకేం తెలుసన్నట్టు నవ్వాను.

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం, చక్రం తిరుగుతున్నప్పుడు, గ్లాస్గో సంగతి బయటపెట్టింది. అక్కడి ఆస్పత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ వార్డులో సీనియర్ పోస్టు. మూడేళ్ళుగా ఆమె కాచుకుని ఉన్న పని అది. ఇంటర్వ్యూ అయింది, వాళ్ళు రమ్మన్నారు, మూడు వారాల్లో ఏ సంగతో చెప్పాలి.

"వెళ్దామా అండీ?" అంది.

వెళ్ళనా అనలేదు, వెళ్దామా అంది. నా పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చని మా మేనేజర్ అప్పటికే ఒప్పుకుని ఉన్నాడు. అంటే అడ్డేమీ లేదు, నేను తప్ప. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. లీసెస్టర్‌లో నాకు అన్నీ అమిరి ఉన్నాయి. వీధి చివర కరివేపాకు దొరుకుతుంది, శనివారం క్రికెట్ ఉంటుంది, పలకరించే ముఖాలు ఉన్నాయి. పైగా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, భార్య ఉద్యోగం కోసం మొగుడు ఊరు మారడమేమిటన్న రోషం ఒకటి లోపల ఉండేది. అది పైకి అనే ధైర్యం లేదు. అందుకని, ముందు ఈ కంప్యూటర్ పని ఒకటి తేల్చేస్తే తర్వాత స్థిమితంగా మాట్లాడుకుందాం అన్నాను. ఆమె సరేనంది.

తర్వాతి ఆదివారం మళ్ళీ అడిగింది. నేను క్యాలెండర్ చూసి, పితృపక్షాలు వస్తున్నాయి, ఇలాంటివి ఇప్పుడు తలపెట్టకూడదు, దసరా రానీ అన్నాను. జీవితంలో ఎన్నడూ తిథి చూసినవాణ్ణి కాదు. తద్దినానికి కూడా అమ్మ ఫోన్ చేసి గుర్తుచేస్తే తప్ప తెలియని మనిషిని. అలాంటివాణ్ణి కూర్చుని మీనమేషాలు లెక్కపెట్టాను. ఆమె నమ్మిందో, నమ్మనట్టు కనిపించడం ఇష్టంలేక ఊరుకుందో, గ్లాస్గో ఆస్పత్రికి ఫోన్ చేసి ఇంకొక వారం గడువు అడిగింది. వాళ్ళు ఇచ్చారు కూడా.

అప్పుడే ఇంకో ఘనకార్యం చేశాను. కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆట ముట్టుకోవద్దన్నాను. ఈ నత్తనడకతో ఉన్న సరదా కాస్తా చచ్చిపోతుంది, కొత్తదానితో హాయిగా ఆడదాం అని. ఆదివారాలు ఆమె సోఫాలో, నేను సమీక్షల వీడియోల్లో. ఆమె రెండుసార్లు నా పక్కకి వచ్చి నిలబడింది. మొదటిసారి ఒక్క నిమిషం అన్నాను. రెండోసారి అదీ అనలేదు, చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాను. ఆ సైగ తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెయ్యి నాకే పరాయిదిగా అనిపిస్తుంది.

దసరా ముందు వారం తెగించి ఆరు కోర్లదే కొన్నాను. మూడు నెలలు షీట్లు నింపి, ఆమె ఒక్క చూపులో చెప్పిన దగ్గరికే వచ్చాను.

పండగనాడు పొద్దున్నే అన్నీ బిగించాను. ఆయుధపూజ కాబట్టి ఆమె కంప్యూటర్ పెట్టెకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన ఒక చామంతి పువ్వు ఉంచింది. భోజనాలయ్యాక పాత ఆట మధ్యలోంచి తెరిచాం. నా వంతు, ఆమె వంతు అయ్యాయి. పది రాజ్యాల లెక్క పది సెకన్లలో తేలిపోయింది. మళ్ళీ నేను, మళ్ళీ ఆమె, మళ్ళీ పది సెకన్లు. ఆనందం పట్టలేకపోయాను. చూశావా అన్నాను. బాగుందంది. అలా గంటసేపు ఆడాం. ఇద్దరిలో ఎవరమూ ఒక్క కబురు చెప్పుకోలేదని నాకు ఆలస్యంగా తట్టింది. కబురు పట్టే సందు ఆ ఆటలో ఇక లేదు.

నా గొప్పదనం నిరూపించుకున్న ఊపులో, "ఊఁ, ఇప్పుడు చెప్పు గ్లాస్గో సంగతి," అన్నాను.

"రాలేనని రాసేశానండీ. పోయిన శుక్రవారమే ఆఖరు."

నాతో ఒక్కమాట అనలేదేం అని గట్టిగానే అడిగాను. అడుగుతుండగానే సోఫా దగ్గర్నుంచి ఆమె రెండుసార్లు లేచి వచ్చిన సంగతి గుర్తొచ్చి గొంతు తగ్గించాను. ఆమె మౌస్ మీద చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది. కోపం కూడా లేదు.

"వద్దంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. మీరు వద్దని కూడా అనలేదు."

వాళ్ళని మళ్ళీ అడిగి చూద్దాం, నేనే మాట్లాడతాను అని ఏదేదో అన్నాను. అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారట. ఆమె తన ఎత్తు పూర్తిచేసి లేచి వంటింట్లోకి వెళ్ళింది.

కంప్యూటర్ ఆ తర్వాత చాన్నాళ్ళు ఏ పేచీ లేకుండా పనిచేసింది. రెండేళ్ళకి ఆమెకు షెఫీల్డ్‌లో ఇంకో మంచి ఉద్యోగం వచ్చింది. ఈసారి ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపేశాక, కూర తరుగుతూ, ఫలానా తేదీన చేరుతున్నానని నాకు చెప్పింది. వెళ్దామా అని అడగలేదు.